ముప్ఫై నాలుగు ఫ్రేముల తూనీగ

తార్నాక,
28 ఆగస్టు 2011

భార్గవీ,

నువ్వు అనంతపురం వెళ్ళి రేపటికి మూడు నెలలు. ఫోనులో నువ్వు మాట్లాడేది నాతోనా, పక్కన కూర్చుని పేపరు చదివే మీ ఆయనతోనా అర్థం కావడం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కంటి ఆపరేషన్ తర్వాత నిన్ను కంప్యూటరు చూడొద్దన్నారు కాబట్టి ఫొటోలు ఎటూ ప్రింటు వేయించి పోస్టులో పంపాల్సిందే. ఈ కవరులో ఎనిమిది ఉన్నాయి. వీటితో మన పుస్తకానికి ఇరవై ఆరు రకాల తూనీగలు పూర్తయ్యాయి.

మన గదిలో నీ కుర్చీ మీద ఇప్పుడు పాత జర్నళ్ళ కట్టలు పెట్టారు. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పితే, ఎదురుగా ఆ కట్టలే. డిపార్ట్‌మెంటులో ఎవరూ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. నేను గదిలోకి వెళ్తే మాట మారుస్తారు, వాతావరణం గురించి మాట్లాడతారు. మా కింది వాటా వాళ్ళు ఖాళీ చేసి విశాఖ వెళ్ళిపోయారు. పాలు పోసే పోచమ్మ మొన్న "మీరు గూడ పోతరా అమ్మా?" అని అడిగింది. ఎక్కడికి అన్నాను. "మీ ఊరికి" అంది. నేనిక్కడికి వచ్చి ఇరవై ఏడేళ్ళు. తెనాలిలో నన్ను గుర్తుపట్టి తలుపు తీసే ఇల్లు ఒక్కటి లేదు.

అందుకే పొద్దున్నే ఆరింటికల్లా కెమెరా తీసుకుని యూనివర్సిటీ తోట వెనక నీటిగుంట దగ్గరికి పోతున్నాను. ఎండ తగిలేదాకా తూనీగలు ఎగరలేవు, గడ్డిపరక పట్టుకుని అలాగే ఉంటాయి. నీకు ఎన్నిసార్లు చెప్పినా "ఒక్క ఫొటోకి రెండు రోజులేమిటే" అనేదానివి కదా, మళ్ళీ చెబుతాను విను. అంత దగ్గర నుంచి తీస్తే కన్ను స్పష్టంగా వస్తుంది, వీపు మసకబారుతుంది. వీపు చూసుకుంటే తోక పోతుంది. కన్ను నుంచి తోక చివరి వరకు వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ ముప్ఫై ఫ్రేములు తీయాలి. ఇంటికొచ్చి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్కని ఏరి, అన్నీ కలిపి ఒక్క తూనీగని చేయాలి. రాత్రి భోజనం వేళకి ఒక రెక్క అవుతుంది. సాయంత్రాలు గడిచిపోవడానికి ఇంతకంటే మంచి పని లేదు.

మన అటెండరు సామేలు తోడు వస్తున్నాడు. నేను రమ్మనలేదు. ఒకరోజు గోల్నాక నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, "ఒక్కరు తిరగకుండ్రి మేడం, దినాలు మంచిగ లెవ్వు" అని తెల్లటి థర్మోకోలు అట్ట చేతిలోకి తీసుకున్నాడు. రెక్కల కింద నీడ పడకుండా దాన్ని పట్టుకుంటాడు. అరగంట కదలడు. పదింటికి ఆర్ట్స్ కాలేజీ ముందు దీక్షా శిబిరంలో కూర్చుంటాడు. ఇక్కడి సంగతి అక్కడా, అక్కడి సంగతి ఇక్కడా మాట్లాడడు. మాట్లాడితే బాగుండునని నాకుంటుంది. అడగడానికి నోరు రాదు.

నీ కళ్ళు ఎలా ఉన్నాయి?

సుధ


అనంతపురం,
11 సెప్టెంబరు 2011

సుధా,

ఫొటోలు అందినాయి. భూతద్దం పెట్టుకుని ఒక్కోటీ పావుగంట చూసినాను. కన్ను ఫర్వాలేదు. మధ్యలో చిన్న మచ్చలాగా ఉంటుంది, తల తిప్పి చూస్తే పోతుంది.

ఆరో నంబరుకి నువ్వు రాసిన పేరు తప్పు. రెక్క చివర మచ్చ చూడు, ముదురు గోధుమరంగు. అది మనం మురుగుకాలవ పక్కన చూసేదే. నాలుగో ఫొటోలో రెక్క వెనకాల సామేలు వేళ్ళు కనపడుతున్నాయి. తీసెయ్. పుస్తకంలో మనుషులు కనపడకూడదు. మిగతావి బాగున్నాయి అని రాస్తే నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను.

ఇక్కడి సంగతులేముంటాయి? మా ఆయన సమైక్య జేఏసీలో లెక్చరర్ల తరఫున కన్వీనరు. ఇంటి నిండా జనం. పూటకు ముప్ఫై కాఫీలు పెట్టి ఇస్తా ఉన్నాను. అక్కడ మీ శిబిరంలో వాళ్ళ ఆవేశం, ఇక్కడ మా వరండాలో వీళ్ళ ఆవేశం. కాఫీ గ్లాసులు పట్టుకుపోతూ నేను అనుకుంటాను, ఇంతమందిలో ఒక్కరన్నా నన్ను "ఏం చేస్తున్నారమ్మా?" అని అడగరేమి అని. తూనీగల పుస్తకం రాస్తున్నానని చెబుదామని. అడగరు. నేను చెప్పను.

సామేలును అడిగినానని చెప్పు. ఏడాదిన్నర కిందట హాస్టళ్ళ దగ్గర బాష్పవాయువు కొట్టినప్పుడు తడి తువ్వాలు మన మొహాలకు కట్టి, చేతులు పట్టుకుని తార్నాక దాకా దిగబెట్టిన మనిషి. నేను వచ్చేటప్పుడు సరిగా చెప్పి కూడా రాలేదు.

భార్గవి


తార్నాక,
14 అక్టోబరు 2011

భార్గవీ,

పన్నెండో తారీఖు పొద్దున ఎర్ర తూనీగ దొరికింది. మగది. మనం మూడేళ్ళుగా దేనికోసం తిరిగామో అదే. ఒళ్ళంతా మంచుబొట్లు, ఒక్కో బొట్టులో గడ్డి తలకిందులుగా. ముప్ఫై నాలుగు ఫ్రేములు తీశాను. ఆ రోజే కూర్చుని కలిపేశాను. రెక్కలోని ప్రతి నరం వచ్చింది. ముందు రెక్క మొదట్లో తేనెరంగు పట్టీ ఉంటుంది చూడు, అది కిందికి దిగేకొద్దీ ఎలా పలచబడుతుందో ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ ఇంత బాగా చూడలేదు. కంటి మీద గదులు లెక్కపెట్టుకోవచ్చు. పైభాగం ఎరుపు, కిందికి వచ్చేసరికి ఊదా. ఆ రెండూ కలిసే చోట గీత ఉండదు, నేను రెండు గంటలు వెతికాను.

అంచుల్లో పడిన వేళ్ళు తీసేశాను. నువ్వు చెప్పినట్టే, మనుషులెవరూ లేరు.

నా కంప్యూటరులో చోటు నిండిపోయింది. అందుకని ఒరిజినల్ ఫ్రేములన్నీ డీవీడీకి ఎక్కించి ఈ ప్రింటుతో పాటు పంపుతున్నాను. నా దగ్గర కాపీ లేదు. రైళ్ళు సరిగా నడవడం లేదు కాబట్టి ఎప్పటికి అందుతుందో.

సామేలు రావడం లేదు. సమ్మె కదా.

సుధ


అనంతపురం,
27 అక్టోబరు 2011

సుధా,

నిన్న అందింది. ఎర్ర తూనీగను భూతద్దం కింద పెట్టి చూసినాను. పుస్తకం అట్ట మీద ఇదే వేద్దాం. డీవీడీ బీరువాలో నా సర్టిఫికెట్ల కింద పెట్టినాను.

ఒక సంగతి అడుగుతాను. రెక్క గురించి అంత రాసినావు. సామేలు గురించి రెండు ముక్కలు. సమ్మె మొదలై అప్పటికే నెలయింది కదా, అన్నాళ్ళూ వచ్చిన మనిషి ఇప్పుడెందుకు రాడు? మీ ఇద్దరికీ ఏమన్నా మాటామాటా వచ్చిందా?

భార్గవి


తార్నాక,
6 నవంబరు 2011

భార్గవీ,

సామేలు జైల్లో ఉన్నాడు.

పన్నెండో తారీఖు పొద్దున ఆరున్నరకి లాలాగూడ రోడ్డు మీద పోలీసు వ్యాను మీద రాళ్ళు పడ్డాయట. ఒక కానిస్టేబుల్‌కి కన్ను దెబ్బతింది. ఏడింటికి క్యాంపస్ గేటు దగ్గర దొరికినవాళ్ళని దొరికినట్టు వ్యానెక్కించారు. అందులో సామేలు ఒకడు. రాయి విసిరింది ఇతనేనని రాసుకున్నారు. రెండు రోజులకు మించి లోపలుంటే ఉద్యోగం సస్పెండు అవుతుంది కదా, అదీ అయింది. ఇంకో రెండేళ్ళలో రిటైర్ అయ్యేవాడు.

మొన్న అతని భార్య చిట్టెమ్మ మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. "అమ్మా, గా దినం పొద్దుగాల మీ తాన్నే ఉంట అని చెప్పి పోయిండు. అట్ట పట్టాలె, మేడం ఒక్కతే ఉంటది అన్నడు. మీరు ఒక్క మాట చెప్తె అయిపాయె గదా" అంది. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి మెట్లు దిగిపోయింది.

ఆరు పన్నెండు నుంచి ఆరూ నలభై ఒకటి వరకు సామేలు నా పక్కనే ఉన్నాడు. నీటిగుంటకీ లాలాగూడ రోడ్డుకీ రెండు కిలోమీటర్ల దూరం. వెలుతురు చూసుకోవడానికి మొదటి ఫ్రేము నేనెప్పుడూ అతని మొహం మీదే తీస్తాను. చివరిదీ అంతే. ప్రతి ఫ్రేములో తేదీ, టైము కెమెరా రాసుకుంటుంది. అవన్నీ నీ దగ్గరున్న డీవీడీలో ఉన్నాయి.

ఇది అందిన రోజే రిజిస్టర్డు పోస్టులో పంపు. ఫొటోషాపులో కాపీ తీయించి పంపినా సరే. ఆలస్యం చేయకు.

సుధ


అనంతపురం,
25 నవంబరు 2011

సుధా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిద్రలేదు.

డీవీడీ కనపడటం లేదు. బీరువా అంతా వెతికినాను. ఈ మధ్య సున్నం వేయించినాము, సామాను అటూ ఇటూ మారింది. దొరికితే తప్పకుండా పంపుతాను.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. దొరికినా, అది కోర్టులో పనికొస్తుందా? టైము ఎవరైనా మార్చుకోవచ్చు అంటారు. నువ్వు ఒంటరిదానివి. రేపు పోలీసులు నీ ఇంటికొస్తే నీ పక్కన ఎవరుంటారు? అతనికి వకీళ్ళున్నారు, సంఘాలున్నాయి, ఉద్యమమే ఉంది. వాళ్ళు చూసుకుంటారు. నువ్వు జాగ్రత్తగా ఉండు.

పుస్తకం ముందుమాట రాసినాను. వచ్చే ఉత్తరంలో పంపుతాను.

భార్గవి


తార్నాక,
9 డిసెంబరు 2011

భార్గవీ,

నీ ఉత్తరంలో మాటలు నీవి కావు. ఎవరివో నాకు తెలుసు. కానీ నిన్ను నిలదీసే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో ఇప్పుడు రాస్తాను. ఇంతకు ముందు రాసిన రెండు ఉత్తరాల్లోనూ దాచాను.

గేటు దగ్గర సామేలు ఒక్కడే లేడు. నేను పక్కనే ఉన్నాను.

ఫొటోలు తీసుకుని ఇద్దరం బయటికి వస్తున్నాం. నా కెమెరా స్టాండు అతని భుజం మీద ఉంది. ఇన్‌స్పెక్టరు ఆపి, "ఏందిరా గా ఇనుప కర్ర?" అన్నాడు. "మేడం కెమెరా స్టాండు సార్" అని సామేలు నావైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు: "ఏమ్మా, ఈయన నీతోని వచ్చిండా?"

వ్యాను నిండా మనుషులున్నారు. ఒకతని నుదుటి నుంచి రక్తం కారి చొక్కా తడిసిపోయింది. నేను, "నేను తూనీగల ఫొటోలు తీసుకోవడానికి వచ్చానండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. జవాబూ కాదు. నా మాట వినగానే ఆయన మొహం మెత్తబడింది. "ఆంధ్రోళ్ళా? గిసొంటి టైముల బయట తిరగొద్దమ్మా. నీ స్టాండు తీస్కొని పో" అన్నాడు. నేను సామేలు భుజం మీది నుంచి స్టాండు తీసుకున్నాను. నా చేతులతో తీసుకున్నాను, భార్గవీ. అతను భుజం కొంచెం వంచాడు, నాకు అందేలాగా.

ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకుని పొద్దుగూకేదాకా తూనీగ రెక్కలు కలిపాను. అతని వేళ్ళు ఒక్కొక్కటీ చెరిపాను. తర్వాత ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని భయం వేసింది. కంప్యూటరులో చోటు నిండలేదు. సగం ఖాళీగా ఉంది. ఆ ఫొటోలు నా ఇంట్లో ఉండకూడదని నీకు పంపి, ఇక్కడ తీసేశాను. కెమెరా కార్డు కూడా చెరిపాను.

మొన్న సామేలుకి బెయిల్ వచ్చింది. నేను గోల్నాక వెళ్ళాను, వీధి మొదట్లో నిలబడి తిరిగి వచ్చేశాను. తర్వాత వాళ్ళ వకీలు ప్రమీలమ్మ గారిని కలిశాను. డీవీడీ సంగతి చెబితే ఆవిడ, "తెండ్రి, మంచిదే. కాని టైం మార్చిండ్రు అంటరు. మీరు అచ్చి ఎంక్వయిరీల నోటితోని చెప్పాలె. చెప్తరా?" అని నా మొహంలోకి చూసింది. చెబుతానన్నాను.

డీవీడీ లేకపోయినా చెబుతాను. ఉంటే నన్ను నమ్ముతారు. లేకపోతే రెండు నెలలు నోరు మూసుకుని ఇప్పుడెందుకొచ్చావంటారు. అది న్యాయమైన ప్రశ్నే.

సుధ


అనంతపురం,
3 జనవరి 2012

సుధా,

ఈ కవరులోనే డీవీడీ ఉంది. అట్టముక్కల మధ్య పెట్టి కుట్టినాను. విరగకుండా చేరాలి.

అది ఎక్కడికీ పోలేదు. నీ నవంబరు ఉత్తరం అందిన రోజే బీరువాలో నుంచి తీసి బల్ల మీద పెట్టినాను, పొద్దున పోస్టు చేద్దామని. ఈయన చూసినాడు. "ఇక్కడ నేను మైకు పట్టుకుని సమైక్యం అంటా ఉంటే, నా ఇంట్లో నుంచి వాళ్ళ మనిషిని విడిపించే సాక్ష్యం పోతుందా? రేపు నన్ను వేదిక ఎక్కనిస్తారా?" అన్నాడు. "కానిస్టేబుల్ కన్ను పోయింది, తెలుసా నీకు?" అన్నాడు. రాయి సామేలు వేయలేదండీ అన్నాను. "నీకెట్ల తెలుసు? నువ్వు చూసినావా?" అన్నాడు. నేను చూసినాను. నీ నాలుగో ఫొటోలో అట్ట పట్టుకున్న అతని వేళ్ళను భూతద్దంతో చూసినాను. ఆ మాట ఆయనతో అనలేదు. నీకు ఉత్తరం ఆయన చెబుతుంటే రాసినట్టే రాసినాను.

నీ డిసెంబరు ఉత్తరం వచ్చి మూడు వారాలు. రోజూ చదివినాను. నువ్వు ఒక్క నిమిషం భయపడినావు. నేను యాభై రోజులు బీరువా తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగినాను. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పని కొలుచుకుంటూ కూర్చోవడం నాకు చాతకాదు.

ఈ పొద్దు ఆయన వరండాలో మీటింగులో ఉండగా అందరి ముందూ చెప్పినాను, పోస్టాఫీసుకు పోయొస్తానని. ఎందుకు అన్నాడు. సామేలు ఫొటోలు పంపడానికి అన్నాను. గేటు తీసుకుని వచ్చేసినాను. పోస్టాఫీసు బల్ల మీదనే ఇది రాస్తున్నాను. ఇంటికి పోయినాక ఏమవుతుందో తెలీదు. ఏమన్నా కానీ.

నీకు మనసు లేకపోతే జవాబు రాయొద్దు.

భార్గవి


తార్నాక,
18 మార్చి 2012

భార్గవీ,

నీ మీద కోపం లేదని రాద్దామని రెండు నెలలుగా కాగితం ముందు కూర్చుంటున్నాను. ఉంది. నాకు నా మీద ఉన్నంత లేదు, అంతే. ఆలస్యానికి కారణం అదే. మీ ఇంట్లో ఏమైందో రాయి.

డీవీడీ విరగకుండా చేరింది. ప్రమీలమ్మ గారు ఫ్రేములన్నీ ప్రింటు వేయించారు. ముప్ఫై నాలుగూ వరసగా బల్ల మీద పరిచారు. మొదటిదాంట్లో సామేలు, ఆరు పన్నెండు. కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు, అట్ట గడ్డం కింద పెట్టుకుని. చివరిదాంట్లో ఆవులిస్తున్నాడు, ఆరూ నలభై ఒకటి.

ఫిబ్రవరి ఇరవై రెండున శాఖాపరమైన విచారణ జరిగింది. విచారణాధికారి ఎదురుగా ఒక కుర్చీలో నేను, గోడ పక్కన బల్ల మీద సామేలు. ఫొటోలు చూసి ఆయన, "అమ్మా, ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నేను చెప్పాను. గేటు దగ్గర ఏమడిగారో, నేనేమన్నానో, స్టాండు ఎలా తీసుకున్నానో, ఇంటికెళ్ళి ఏం చెరిపానో, అంతా. రాసుకునే గుమస్తా మధ్యలో కలం ఆపాడు. "ఇది కూడ రాయాల్నా సార్?" అన్నాడు. రాయమన్నాను.

బయటికి వచ్చాక వరండాలో సామేలు ఆగాడు. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు, స్టేషన్లో కొట్టినప్పుడు నరం దెబ్బతిందట. క్షమించమని అడగబోయాను. అతను అడ్డుకున్నాడు.

"మేడం, మీరు ఔనన్నా గూడ నన్ను తీస్కపోయెటోళ్ళే. గది నాకెర్కే. దెబ్బలు గూడ గంత యాదికి లెవ్వు. గని యాభై దినాలు లోపల కూసోని ఒకటే సోంచాయించిన. నేను మీ తాన అట్ట పట్టినన్ని దినాలు, మీరు నన్ను ఏమనుకున్నరు అని."

ఇరవై ఏళ్ళు ఒకే వరండాలో తిరిగాం. అతనికి కొడుకులో కూతుళ్ళో నాకు తెలియదు. అతనికి నా మందుల టైము తెలుసు.

"ఇయ్యాల వచ్చి చెప్పిన్రు. మంచిది" అని మెట్లు దిగాడు.

ఈ నెల మొదట్లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. కోర్టు కేసు ఇంకా ఉంది కానీ నిలవదని ప్రమీలమ్మ గారి నమ్మకం. మన డిపార్ట్‌మెంటు వద్దని తనే అడిగి పరీక్షల విభాగానికి మార్పించుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. డిపార్ట్‌మెంటులో ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే మాట మార్చడం లేదు. నేనున్నా లేనట్టు అదే మాట కొనసాగిస్తున్నారు. ఇది మంచో చెడో తేల్చుకోలేకపోతున్నాను.

నీటిగుంట ఎండిపోయింది. వానలు పడేదాకా తూనీగలుండవు. అట్ట నేనే రాయికి ఆనించి పెట్టుకోవడం నేర్చుకోవాలి.

నిన్న పొద్దున పని మీద లాలాగూడ వెళ్ళి, తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడ్డాను. సామేలు వచ్చాడు. అక్కగారింటికి వచ్చి, డ్యూటీకి వెళ్తున్నాడట. కుడిచేత్తోనే నమస్కారం పెట్టాడు.

"మంచిగున్నరా మేడం?"

"బాగున్నాను. చెయ్యి ఎలా ఉంది?"

"గట్లనే ఉన్నది."

"చిట్టెమ్మ బాగుందా?"

"ఉన్నది."

"పిల్లలు?" అన్నాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

అతను నావైపు చూశాడు. "ఒక్క బిడ్డ మేడం. పోయిన ఏడు పెండ్లి చేసిన. మిమ్ములను గూడ పిలిచిన."

బస్సు వచ్చింది. అతను ఎక్కాడు. నేనెక్కాల్సింది కూడా అదే. ముందు వైపు ఆడవాళ్ళ సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు "వస్తరా అమ్మా?" అని అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తర్వాత తార్నాక దాకా నడిచి వచ్చాను.

సుధ